ఐదూళ్ల సేద్యము, ఒక నగరము: ఫ్రీమాంటు పురచరిత్రము



తరతరములుగా మన్నును నమ్ముకొని బ్రదికిన వంశములవార మగుటచే మనకు నగరముల చరిత్రము కంటె గ్రామముల చరిత్రమే ప్రియమైనది. అయినను నేటి మన సంతానములో పెక్కుమంది నగరములలో, అందును గొందఱు సముద్రముల కావలనున్న నగరములలో కాపురము లేర్పఱచుకొని యున్నారు. వారు నివసించు నేల నిన్న మొన్నటి వఱకు ఎవరి పొలము? ఎవరు దున్నిరి? ఎవరు విక్రయించిరి? ఎవరు పోగొట్టుకొనిరి? ఈ ప్రశ్నలను మనము సామాన్యముగా నడుగము. మేడను జూచి మెచ్చుకొందుము గాని, మేడ క్రింది మడిని తలపము. ఈ లోపమును గొంతవఱకైన దీర్పవలయునని యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమునకు ఆగ్నేయ దిశయందున్న ఫ్రీమాంటు నగరమును మేము విషయముగా గైకొంటిమి. ఇందుకు గారణములు రెండు. ఆ నగరము రాజధానిగా గాని, కోటగా గాని, రేవుపట్టణముగా గాని పుట్టినది కాదు. ఐదు సేద్యపుటూళ్లు కలసి 1956 వ సంవత్సరమున దమంతట దామే యొక నగరముగా నేర్పడినవి. ఇది మొదటి కారణము. ఇక రెండవది: నేడక్కడ తెలుగు కుటుంబములు పెక్కులు కాపురమున్నవి. కావున ఆ యూరి కథ మనకు పరాయి కథ కాదు.

నేలయు నీరును

ఫ్రీమాంటునకు తూర్పున కొండలు, పడమట అఖాతపు టుప్పునేలలు కలవు. ఆ కొండలలో మిషను పీకు అను శిఖరము సుమారు 2,500 అడుగుల యెత్తు గలిగి, యూరి కంతకును ఆనవాలుగా నిలిచియున్నది. కొండల నడుమ నైల్సు లోయగుండ అలమీడా యేఱు వెలువడి మైదానమున బ్రవేశించును. ఆ యేఱు వేల యేండ్లుగా గొనివచ్చిన గులకరాతి పొరలును ఒండ్రు మన్నును విసనకఱ్ఱవలె పఱచుకొని, సారవంతమైన మైదానముగా నేర్పడినవి. పైన నల్లని నేల, క్రింద గులకరాతి పొరలలో నిలిచిన తీయని నీరు, ఏడాదిలో నధిక భాగము ఎండకాయు సమశీతోష్ణము. మన లంకభూములను ఎఱిగినవారికి ఇట్టి నేల విలువను వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఈ నేలలో మొట్టమొదట నివసించినవారు ఓలోనీ జాతివారు. వారు నాగలి పట్టినవారు కారు. ఓకు చెట్ల గింజలను దంచి పిండిచేసికొనుచు, ఏటిలోను అఖాతములోను చేపలు పట్టుచు, గడ్డిమైదానములకు ఋతువు నెఱిగి నిప్పుపెట్టి క్రొత్త పచ్చికను మొలిపించుకొనుచు వేల యేండ్లు జీవించిరి. సేద్యము చేయని వారిని నేలకు హక్కుదారులు కారని తలచుట కర్షకులమైన మనకు సులభముగ గలుగు పొరపాటు. నేలను జెడగొట్టకుండ దాని ఫలమును దిని బ్రదుకుటయు నొక విద్యయే.

1797 వ సంవత్సరము జూన్ 11 వ తేదీన స్పెయిను దేశపు ఫ్రాన్సిస్కను సన్న్యాసులు ఇచట మిషను శాన్ హోసే యను మఠమును స్థాపించిరి. కాలిఫోర్నియాలోని యిట్టి మఠములలో నిది పదునాల్గవది. ఓలోనీలను, చుట్టుపట్ల నున్న తక్కిన జాతులవారిని మతములో గలుపుకొని, వారిచేత ఇటుకలు కోయించి గోడలు కట్టించిరి. గోధుమలు విత్తించిరి. పశువుల మందలను గాయించిరి. ద్రాక్షతోటలు వేయించిరి. ఆ ప్రాంతమున నాగటిచాలు అను వస్తువు పుట్టినది ఈ కూలిలేని శ్రమవలననే. 1831 వ సంవత్సరము నాటికి మఠమునందలి దేశీయుల సంఖ్య 1,800 కు మించెను. ఐతే పొంగు మొదలగు క్రొత్త యంటువ్యాధులు వారిని వేల సంఖ్యలో హరించినవి.

1821 లో మెక్సికో స్వతంత్రమైన పిమ్మట మఠముల భూములను వాటిలో శ్రమించిన దేశీయులకు బంచవలయునని మాట పుట్టినది. 1834 తరువాత మఠముల యధికారము తొలగినది గాని, పంపకము మాత్రము మాటగనే మిగిలినది. భూములు పలుకుబడి గల కుటుంబముల వశమైనవి. వారిలో హోసే దె హెసూస్ వయేహో యను నుద్యోగికి 1842 లో 17,705 ఎకరముల జాగీరు లభించెను. పండించినది యొకరు, పట్టా పొందినది వేఱొకరు. ఈ యూరి చరిత్రములో నిది మొదటి యన్యాయము. ఇదే కడపటిది కాదని ముందు దెలియగలదు.

బంగారము నుండి బంగాళాదుంపకు

1848 లో రెండు సంగతులు జరిగినవి. జనవరిలో కాలిఫోర్నియా కొండలలో బంగారము కనబడెను. ఫిబ్రవరిలో మెక్సికో యుద్ధము ముగిసి కాలిఫోర్నియా అమెరికా వారి వశమయ్యెను. బంగారమునకై లోకము నలుమూలల నుండియు జనము వచ్చిపడిరి. వారిలో ననేకులు బంగారము గానక, చేత నాగలి పట్టిరి.

1846 లో బ్రూక్లిను అను నోడలో వచ్చిన జాన్ హార్నరు అను మార్మను మతస్థుడు మిషను శాన్ హోసే పరిసరమున బంగాళాదుంపలు మొదలగు కూరలు పండించి, గనులలోని జనులకమ్మి, గొప్ప ధనికుడయ్యెను. కాని కొలది యేండ్లలోనే ధరలు పడిపోగా, ఎంత వేగముగ నార్జించెనో యంత వేగముగ గోల్పోయెను. ధరను నమ్ముకొన్న సేద్యము ఎట్టిదో మిరపకును ప్రత్తికిని మనవారనుభవించినదే గదా!

1849 లో బంగారమునకై వచ్చి విఫలుడైన జార్జి పాటర్సను అను నతడు మాత్రము నిదానించి, ఒకరి పొలములో బనిచేయుటతో నారంభించి, క్రమముగ భూమిని గొని, తుదకు సుమారు 6,000 ఎకరములకు యజమాను డయ్యెను. 1857 లో నతడు కట్టిన యిల్లు ఆర్డెన్‌వుడ్డు అను పేర నేటికిని నిలిచియున్నది. దానిని గూర్చి ముందు మరల జెప్పుదుము.

పట్టాల విషయమున మఱియొక ముచ్చట గలదు. 1851 లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టముచే, మెక్సికో కాలపు జాగీరుదార్లు తమ హక్కును విచారణ సంఘము నెదుట ఋజువు చేసికొనవలసి వచ్చెను. వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగినవి. హక్కు ఋజువైన వారిలో సైతము పలువురు ప్లీడర్ల ఫీజులకే భూములమ్ముకొనిరి. ఓలోనీల నేల కాజేసినవారి నేల ఈ విధముగ వేఱొకరి పాలయ్యెను. కాగితము నమ్ముకొన్నవానిని కాగితమే ముంచినది.

1853 లో అలమీడా మండల మేర్పడగా, ఈ ప్రాంతమునకు వాషింగ్టను టౌనుషిప్పు అను పేరు వచ్చెను. అందులో మెల్లమెల్లగ నూళ్లు వెలసినవి. మఠము చుట్టును మిషను శాన్ హోసే. మైదానము నడుమ సెంటర్‌విల్లు. బాటలు కలియుచోట అర్వింగ్టను. వేడినీటి యూటల యొద్ద వార్ముస్ప్రింగ్సు. లోయ ముఖమున, వయేహో పిండిమర కట్టిన చోట, నైల్సు. 1868 అక్టోబరు 21 వ తేదీన గొప్ప భూకంపము వచ్చి మఠపు దేవాలయమును గూల్చివైచెను. పాత రూపముననే తిరిగి కట్టిన కట్టడము పూర్తియగుటకు 1985 దాక పట్టినది. భూకంపము జరిగిన మఱుసటి యేడే, 1869 లో, చీనా కూలీలు శ్రమించి వేసిన రైలుదారి నైల్సు లోయగుండ వచ్చి, ఖండము నీదరి నుండి ఆదరికి వేసిన యినుపదారిని అఖాతముతో గలిపెను.

రైలు రాకతో గోధుమపొలములు క్రమముగ ఫలవృక్షములకు దావిచ్చినవి. ఆప్రికాటు, చెర్రీ, వాల్‌నట్టు, ద్రాక్ష, మఱియు కూరగాయలు. 1884 లో జాన్ రాక్ అను నతడు నైల్సునందు కాలిఫోర్నియా నర్సరీ కంపెనీని స్థాపించి, నారుమొక్కలను దూరదేశములకు సైత మంపుచుండెను. 1912 మొదలు 1916 వఱకు నైల్సులో ఎస్సనే కంపెనీవారి చలనచిత్రశాల యుండెను. చార్లీ చాప్లిను 1915 లో నక్కడ చిత్రములు తీసెను. కాని యూరి యసలు సంపద చెట్లమీదనే కాయుచుండెను.

పట్టా లేని కర్షకులు

ఈ తోటలలో పనిచేసినవారెవరు? చీనావారు, జపానువారు, పోర్చుగీసువారు, మెక్సికనులు. వీరిలో పోర్చుగీసువారు కాలక్రమమున భూములు గొనగలిగిరి. ఆసియావాసులకు మాత్రము ఆ ద్వారము మూసివేయబడెను. 1913 లో కాలిఫోర్నియా ప్రభుత్వము, పౌరసత్వమునకు అర్హులు గాని విదేశీయులు సేద్యపు భూమిని గొనరాదని శాసించెను. 1920 లో కౌలును గూడ నిషేధించెను. 1923 లో భగత్‌సింగ్ థిండ్ అను భారతీయుని వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పగా, ఈ శాసనము మనవారికిని వర్తించెను. కాలిఫోర్నియా లోయలలో సేద్యము చేయుచున్న పంజాబీ రైతులు తమ చెమటతో బండించు భూమిని స్నేహితుల పేరనో, అచట పుట్టిన బిడ్డల పేరనో వ్రాయించుకొనవలసి వచ్చెను.

చదువరులారా! ఈ విషయమును మనము తేలికగ దాటిపోరాదు. నేడు మన బిడ్డలు స్వేచ్ఛగ నిల్లు గొనుచున్న ఆ రాష్ట్రమున, నూఱేండ్లకు పూర్వము భారతీయునకు సెంటు సేద్యపు భూమికైనను హక్కు లేకుండెను. 1946 నాటి చట్టముచే భారతీయులకు పౌరసత్వపు ద్వారము తెఱువబడెను గాని, ఏడాదికి నూఱుమంది మాత్రమే దేశములోనికి రావచ్చునని నియమ ముండెను. 1952 లో రాష్ట్రపు టున్నత న్యాయస్థానము భూశాసనము చెల్లదని తీర్చెను. 1956 లో, అనగా ఫ్రీమాంటు నగరము పుట్టిన యేడే, ప్రజలు వోట్లువేసి దానిని బుస్తకమునుండి తొలగించిరి. 1965 నాటి వలస చట్టముతో గాని మనవారు పెద్ద సంఖ్యలో బోవుటకు వీలు గలుగలేదు.

జపాను కర్షకుల గతి యింకను దారుణము. 1942 ఫిబ్రవరి 19 వ తేదీన అధ్యక్షుని యుత్తర్వు వెలువడగా, పడమటి తీరమందలి జపాను సంతతివారినందఱిని, అమెరికాలో పుట్టిన పౌరులను సైతము, నిర్బంధ శిబిరములకు దరలించిరి. ఆ మే నెలలో సెంటర్‌విల్లులో మూటలు ముల్లెలతో బస్సులకై నిరీక్షించుచున్న సేద్యపు కుటుంబములను డొరొతియా లాంగు అను ఛాయాచిత్రకారిణి చిత్రించినది. ఆ చిత్రములు నేటికిని గలవు. చేతికందిన పంటను విడిచి పోవువారి ముఖము లెట్లుండునో చూడగోరువారు వానిని జూడవలయును. 1988 లో అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రతికియున్న వారికి తలకు 20,000 డాలరుల పరిహార మిచ్చెను. క్షమాపణ వచ్చునప్పటికి తోటలు లేవు.

జలరక్షణ

భూమి కథ యిట్లుండగా, నీటి కథ యింకొకటి కలదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు నీరు సరఫరా చేయు ప్రైవేటు కంపెనీ అలమీడా యేటి నీటిని, దాని యెగువ వనరులను దరలించుకొని పోవుచుండుటచే, ఈ మైదానపు బావులలో నీరు తగ్గజొచ్చెను. అప్పుడు ఇచటి రైతులును గ్రామస్థులును ఒక్కటై, 1914 లో అలమీడా కౌంటీ జలమండలి నేర్పఱచుకొనిరి. కాలిఫోర్నియాలో నట్టి చట్టము క్రింద నేర్పడిన తొలి మండలులలో నిదియొకటి. భూమి యెవరి భూమి వారిదే. క్రింది నీరు మాత్రము అందఱిది. ఈ సూక్ష్మమును వారు గ్రహించిరి.

తీయని నీరు విస్తారముగ దోడివేయుటచే 1920 ప్రాంతములనుండి అఖాతపు టుప్పునీరు భూగర్భమున లోనికి జొరబడసాగెను. మన తీరమండలములలో బోరుబావులు ఉప్పెక్కుట యెఱిగినవారికి ఈ బాధ తెలిసినదే. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఏటినీటిని గులకరాతి గోతులలోనికి మళ్లించి నేలలోనికి ఇంకించిరి. 1962 మొదలు రాష్ట్రపు కాలువలగుండ దూరపు నదీజలములను గూడ దెప్పించి, భూగర్భమును నింపిరి. నేలలోనికి నీరు పోసి, లోపలినుండి ఉప్పును వెనుకకు నెట్టిరి. తోటలు పోయినవి గాని ఆ జలమండలి పోలేదు. నేటికిని ఆ నగరవాసుల దాహమును దీర్చుచున్నది. రైతులు స్థాపించిన సంస్థను, రైతులు లేనిపిమ్మట నగరము వారసత్వముగ గైకొన్నది.

ఐదూళ్లు ఒక్కటైన విధము

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అఖాతపు నగరములనుండి జనులు ఇండ్లకై వెలికి దరలసాగిరి. ఉత్తరమున హేవార్డు నగరము పెరుగుచు, పొరుగు భూములను దనలో గలుపుకొనుచుండెను. దక్షిణమున శాన్ హోసే నగరము నట్లే. నడుమ నున్న యీ యూళ్లవారు ఆలోచించిరి. ఒంటరిగ నుండిన నేడో రేపో ఒకరిచే మ్రింగబడుదుము. కలసిన యెడల మన యూరి పన్ను, మన యూరి బాట, మన యూరి పాఠశాల మన చేతనే యుండును. 1955 లో న్యూవార్కు అను పొరుగూరు వేఱుగ పురపాలన సంపాదించుకొనెను. 1956 జనవరి 23 వ తేదీన సెంటర్‌విల్లు, నైల్సు, అర్వింగ్టను, మిషను శాన్ హోసే, వార్ముస్ప్రింగ్సు అను ఐదూళ్లును గలసి ఫ్రీమాంటు నగరముగ నేర్పడినవి. 1959 లో అల్వరాడో, డికోటో అను రెండూళ్లు కలసి యూనియను సిటీ యయ్యెను.

పేరు విషయమున గూడ యుక్తి గలదు. ఐదింటిలో నేయొక్క యూరి పేరు పెట్టినను తక్కిన నాలుగింటికి మనస్తాపము కలుగును. కావున ఆ ప్రాంతములను మునుపు సంచరించిన జాన్ ఫ్రీమాంటు అను సేనాని పేరు పెట్టిరి. ఊళ్ల పేర్లను మాత్రము పేటల పేర్లుగ నిలుపుకొనిరి. ఇప్పటికిని అచటివారు తమది నైల్సు అనియో, అర్వింగ్టను అనియో చెప్పుకొందురు. నగరపు క్రొత్త నడిబొడ్డును ఏ పాతయూరిలోను గాక, ఊళ్ల నడుమనున్న పొలములలో నేర్పఱచిరి. 1972 సెప్టెంబరులో నక్కడికే విద్యుత్తు రైలు వచ్చెను.

తోటలు పోయిన విధము

నగరము పుట్టినప్పుడు జనసంఖ్య ఇరువదివేలకు గొంచెము పైన. 1960 లో 43,790. 1970 లో 1,00,869. 1990 లో 1,73,339. 2020 జనాభాలెక్కలలో 2,30,504. అరువది నాలుగేండ్లలో పదింతలు! 1960 తరువాతి తొలి యేండ్లలోనే జనరల్ మోటార్సు వారు వార్ముస్ప్రింగ్సునందు మోటారుకార్ల కర్మాగారము తెఱచిరి. 1982 లో నది మూతపడెను. 1984 నుండి జపాను దేశపు టొయోటా వారితో గలసి నడపిరి. 2010 లో అదియు మూతపడగా, టెస్లా కంపెనీవారు ఆ కర్మాగారమును గొని, 2012 నుండి విద్యుత్తు కార్లను చేయుచున్నారు. ఒకనాడు జపాను కర్షకులను బస్సులలో దరలించిన యాయూరనే, నలువదేండ్లు నిండుసరికి జపాను కంపెనీని స్వాగతించిరి. కాలపు గతి యట్టిది.

తోటలు ఎట్లు పోయెను? ఎవడో దుర్మార్గుడు వచ్చి నఱికివేయలేదు. భూమిపై పన్ను దాని పంటను బట్టి గాక, అమ్మిన వచ్చు వెలను బట్టి విధించుటచే, ఒక పొరుగువాడు ఇండ్లకమ్మగానే ప్రక్కవాని పన్ను పెరిగెను. పన్ను పెరుగగా నతడును అమ్మెను. అతడమ్మగా మూడవవాని పన్ను పెరిగెను. కుమారులు వేఱు వృత్తులలో బ్రవేశించిరి. ప్రతివాని నిర్ణయమును విడివిడిగ జూచిన న్యాయముగనే యుండెను. అన్నియు గూడినప్పుడు మైదానమంతయు మాయమయ్యెను. 1965 లో రాష్ట్ర ప్రభుత్వము, పదేండ్లు సేద్యము మానమని యొడంబడిక వ్రాసిన రైతునకు పంటను బట్టియే పన్ను వేయవలయునని చట్టము చేసెను. ఈ మందు మంచిదే గాని, ఫ్రీమాంటు తోటలలో జాలవాటి విషయమున రోగి ప్రాణము పోవుచుండగా వచ్చినది.

మిగిలినదేమి?

ఇంత జరిగినను మిగిలినవి కొన్ని గలవు. అవి యేవో పరికింపుడు. పాటర్సను కుటుంబపు భూమిలో 205 ఎకరములను నగరము సంపాదించి, 1985 లో ఆర్డెన్‌వుడ్డు చారిత్రక క్షేత్రముగ ప్రజలకు దెఱచెను. అక్కడ నేటికిని పంట పండును. నగరపు బిడ్డలు వచ్చి మొక్కజొన్నకంకి యెట్లుండునో, గొఱ్ఱెబొచ్చు నెట్లు వడుకుదురో చూచిపోవుదురు. నైల్సు నర్సరీలో గొంతభాగము చారిత్రక వనముగ నిలిచెను. నీటిని ఇంకించిన గులకరాతి గోతులు సరస్సులై విహారస్థలములైనవి. ఐదూళ్ల పేర్లు నిలిచినవి. జలమండలి నిలిచినది. ఓలోనీల పేర నొక కళాశాల గలదు. ఓలోనీల వంశీయులును ఆ ప్రాంతమున నేటికిని గలరు.

ఒక పుస్తకమును గూడ నిలిచినది. 1904 లో ఆ టౌనుషిప్పునందలి స్త్రీలు తమ సంఘము పక్షమున ఊరూర దిరిగి, వృద్ధులను విచారించి, వాషింగ్టను టౌనుషిప్పు చరిత్రమును సంకలనము చేసి ప్రకటించిరి. వారు విదుషీమణులమని చెప్పుకొనలేదు. ముసలివారు గతించిన పిమ్మట అడుగుటకు ఎవరు నుండరని మాత్రము ఎఱిగిరి. ఆ యూళ్ల పూర్వవృత్తాంతమును వ్రాయు ప్రతివాడును ఆ గృహిణుల పుస్తకమును దెఱువవలసినదే. ఐనను అందులోను పట్టా గలవారి కథ విస్తారము, కూలీల కథ స్వల్పము. ఇది వారి లోపము మాత్రమే కాదు. అన్ని సంఘముల చరిత్రములలోను గనబడు లోపము.

ఈ మిగిలినవానిలో నొక ధర్మము గోచరించుచున్నది. ఎవని కతడు విడిగ బట్టుకొన్నది యంతయు వెలకు బోయినది. కలసి పట్టుకొన్నది మాత్రమే నిలిచినది. తోట యొకని సొత్తు, అది పోయెను. నీరు, పేరు, పుస్తకము, పాఠశాల, ఒక క్షేత్రము అందఱి సొత్తు, అవి నిలిచెను.

మన కర్తవ్యము

ఇక మనవైపు మరలుదము. హైదరాబాదు పడమటి దిక్కున మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి యను నవి మొన్నటివఱకు పొలములును రాతిగుట్టలును గల గ్రామములు. 1998 లో మాధాపురమున సైబరు టవర్సు తెఱచిన పిమ్మట అవి నగరమైనవి. 2007 లో ప్రభుత్వపు టుత్తర్వుచే పండ్రెండు పురపాలక సంఘములును ఎనిమిది గ్రామపంచాయతులును హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనవి. ఫ్రీమాంటు వారు తమ వోటుతో దామే కలసిరి. మనయూళ్లను గలిపినది ఉత్తర్వు. ఈ భేదము గమనింపదగినది. మన చెఱువులు పూడిపోయి, వాటి తూముల పేర్లు మాత్రము బస్సు నిలుపుల పేర్లుగ మిగిలినచోట్లు ఎన్ని లేవు?

భూమి నమ్మినవారిని మేము నిందింపము. బిడ్డ చదువునకును, ఆడపిల్ల పెండ్లికిని, అప్పు తీర్చుటకును భూమి నమ్మనివాడు మనలో నెవడు? అమ్మిన ధనముతోడనే మన విద్యార్థి వసతి గృహములు కొన్ని లేచినవనియు మఱవరాదు. ఆ ధనముతో జదివిన బిడ్డలే నేడు ఫ్రీమాంటులో, ఒకనాటి ఆప్రికాటు తోటల నేలపై నిండ్లు కట్టుకొనిరి. ఒక యూరి మాగాణి యింకొక యూరి తోటగ మాఱి, అదియు నిల్లుగ మాఱెనన్న మాట. కాని ఆ బిడ్డలు తమ తండ్రి పొలము సర్వేనంబరు నెఱుగరు, తామున్న యింటి క్రింది తోటవాని పేరు నెఱుగరు. రెండువైపుల మఱపు మిగులుచున్నది.

కావున ఈ మహాసభ సమక్షమున మేము రెండు సూచనలు చేయుచున్నాము. మొదటిది: వచ్చు మహాసభ నాటికి, నగరములో గలసిన, లేక గలియబోవుచున్న మన యూళ్ల వృత్తాంతములను బ్రతియూరి వృద్ధులను విచారించి వ్రాయింపవలయును. చెఱువులు, తూములు, దారులు, తోటలు, దేవాలయపు మాన్యములు, బావులు, కాపుదలలు అన్నియు నందుండవలయును. ఈ పనికి పండితులు కావలయునని నియమము లేదు. ఫ్రీమాంటు గృహిణులు చేసిన పని మన గృహిణులును చేయగలరు. రెండవది: ఆ వ్రాతలో మన పట్టాదారుల పేర్లు మాత్రమే గాక, ఆ పొలములలో నాట్లు వేసిన, కోతలు కోసిన, పట్టా లేని కులములవారి పేర్లు గూడ నుండవలయును. వారి చేతులు లేక మన కులపు కీర్తి యొక్క పంటకైనను నిలిచియుండెడిది కాదు. ఫ్రీమాంటు కథలో పట్టా లేనివారిలో మనవారును గలరు. అక్కడ మన పేరు లేకపోవుట మనకు గష్టముగ దోచినచో, ఇక్కడ వేఱొకరి పేరు లేకపోవుటయు గష్టముగనే తోచవలయును.

ఈ రెండవ సూచన కొందఱికి రుచింపకపోవచ్చును. సంఘపు సంచికలో సంఘపు ఘనతనే చెప్పవలయునను వారు గలరు. చరిత్రము ఘనతను చెప్పునది మాత్రమే యగునెడల నది స్తోత్రపాఠమగును గాని చరిత్రము కాదు. నేలను నమ్ముకొన్న కులమునకు నేలవలె నుండుటయే యలంకారము. నేల తనపై నడచినవారి నెవరిని మఱవదు.

 మన యూళ్ల పేర్లు నిలుచుగాక!